అరవై ప్రశ్నలకు రెండు నెలలు

తిరుపతి బైరాగిపట్టెడలో మేముండే వీధి చివర, ఒక మేడ కింది భాగంలో, కాలనీ వాళ్లు చందాలు వేసుకుని నడుపుకునే చిన్న చదువుల గది ఉంది. 2024 జూన్ చివరి వారంలో ఆ గది బాధ్యత చూసే కుర్రవాళ్లు ముగ్గురు మా ఇంటికి వచ్చి, ఆగస్టు 25 ఆదివారం నాడు ఇంటికొక జట్టు చొప్పున సామాన్య విజ్ఞాన పోటీ పెట్టాలనుకుంటున్నామనీ, ప్రశ్నలు మాత్రం నేనే తయారు చేయాలనీ అడిగారు. ఆ తేదీని వాళ్లు ఆలోచించే ఎంచుకున్నారు. దానికి ముందు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు, అంటే జాతీయ అంతరిక్ష దినోత్సవం. దాని తరువాత 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. అదే 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం. అందువల్ల ఖగోళం, విమానయానం, సాహిత్యం, వ్యాయామం అనే నాలుగు విభాగాలు వాటంతట అవే కుదిరాయి. జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వస్తున్నాయి కనుక చట్టం ఉండాలని నేను అన్నాను. తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, ఇప్పటికీ స్టాంపులు సేకరించే మనిషిని కనుక అభిరుచులు ఆరో విభాగమైంది. విభాగానికి పది చొప్పున అరవై ప్రశ్నలు. వారం రోజుల పని అనుకుని ఒప్పుకున్నాను. రెండు నెలలు పట్టింది.

మొదటి నాలుగు రోజుల్లో ఇంట్లో ఉన్న పాత పుస్తకాలూ, పోటీ పరీక్షల కోసం అమ్మే ఒక సామాన్య విజ్ఞాన సంకలనమూ ముందు పెట్టుకుని నూట నలభై ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు సాయంత్రం బడి నుంచి వచ్చి, ఆ పుస్తకం తిరగేస్తూ, "తాతా, శ్రీహరికోట నెల్లూరు జిల్లా అని రాసినావే, మా సోషల్ టీచరు తిరుపతి జిల్లా అని చెప్పినారు" అన్నది. ఆమె చెప్పిందే నిజం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం ఇందులో కలిసింది. దానితో సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రమూ మన జిల్లాలోకి వచ్చింది. నేను ఆ జిల్లాలోనే ఉంటూ, రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మిద్దె ఎక్కి తూర్పు వైపు చూసే మనిషిని. అయినా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించాను. ఆ రాత్రి నోటుబుక్కు మళ్లీ మొదటి నుంచి చదివాను. నూట నలభైలో ఎన్నింటికి నేను స్వయంగా పూచీ పడగలనని గుర్తు పెట్టుకుంటూ పోతే, ముప్ఫై ఒకటి మిగిలాయి.

శ్రీహరికోట ప్రశ్నను పూర్తిగా మార్చేశాను. జిల్లాను అడగడం కన్నా కారణాన్ని అడగడం మేలనిపించింది. భారతదేశపు రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని పడమటి తీరంలో కాకుండా తూర్పు తీరంలో, అదీ దక్షిణాన పెట్టడానికి కారణమేమిటి? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక, తూర్పు వైపు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఊరికే కలిసి వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆ లాభం ఎక్కువ. పైగా ముందున్నదంతా సముద్రం కాబట్టి రాలిపడే భాగాల వల్ల మనుషులకు ప్రమాదం ఉండదు. ఈ మూడింటిలో ఏ రెండు చెప్పినా పూర్తి మార్కులు అని పక్కన రాసుకున్నాను. జిల్లాల హద్దులు మారినా ఈ జవాబు చెక్కుచెదరదు.

ఖగోళం మీద నాకు మొదటి నుంచీ మక్కువ ఉండడం వల్ల అక్కడ ఎక్కువ రోజులు గడిపాను. ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహమేది, ఎన్ని అన్న ప్రశ్న ఒకటి ఉండేది. అప్పటి లెక్క ప్రకారం శని, 146. కానీ అంతకు ముందు ఏడాది మొదట్లో కొంతకాలం బృహస్పతి ముందుండిందని చదివాక, ఏ నెలకు ఆ నెల మారే సంఖ్యను పిల్లల చేత బట్టీ పట్టించడం దేనికని ఆ ప్రశ్న తీసేశాను. తీసేయడమే మంచిదైంది. 2025 మార్చిలో శనికి మరో 128 చేరి, లెక్క 274 అయింది.

దాని స్థానంలో, ఏడాది కన్నా రోజు పెద్దదిగా ఉండే గ్రహం ఏది అని రాశాను. శుక్రుడు. తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 243 మన రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి సుమారు 225. ఇందులో సందేహానికి తావే లేదనుకుని మనవరాలికి వినిపిస్తే, ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ పొద్దు పొడిచి మళ్లీ పొద్దు పొడిచేదానికి ఏడాది కంటే ఎక్కువ పడుతుందా తాతా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. అన్నం తిని, కాగితం మీద గుండ్రాలు గీసుకుంటూ కూర్చుంటే విషయం తెలిసివచ్చింది. శుక్రుడు మిగతా చాలా గ్రహాలకు ఎదురు దిశలో తిరుగుతాడు. అందువల్ల అక్కడ నిలబడి చూసేవాడికి సూర్యుడు పడమట ఉదయించడమే కాదు, ఎంతో ముందుగానే తిరిగి కనిపిస్తాడు. ఒక పొద్దుపొడుపు నుంచి మరో పొద్దుపొడుపుకు సుమారు 117 మన రోజులే. అంటే "రోజు" అనే మాటకు మనం ఏ అర్థం తీసుకుంటామన్న దాన్ని బట్టి నా ప్రశ్న ఒప్పూ అవుతుంది, తప్పూ అవుతుంది. మనకు భూమి మీద ఈ రెండు అర్థాల మధ్య తేడా నాలుగు నిమిషాలే కాబట్టి ఒకే మాటతో గడిచిపోతున్నది. ప్రశ్నను "తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి, సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టే కాలం కన్నా ఎక్కువ సమయం తీసుకునే గ్రహమేది" అని మార్చాను. పొడుగైంది, చదవడానికి కొంచెం బరువుగానూ ఉంది. అయినా అలాగే ఉంచాను.

అక్కడి నుంచి నా పని తీరు మారిపోయింది. అంతవరకు జవాబు సరైనదా కాదా అని వెతికేవాణ్ణి. ఆ తరువాత జవాబును పక్కన పెట్టి, ప్రశ్నలోని ఒక్కొక్క మాటనూ పట్టుకుని, ఇది ఇంకేదైనా అర్థానికి దారి తీస్తుందా అని చూడడం మొదలుపెట్టాను. రైట్ సోదరుల విమానం ఎంతసేపు ఎగిరింది అన్న ప్రశ్నకు అందరూ 12 సెకన్లు అంటారు. 1903 డిసెంబరు 17న వాళ్లు నాలుగుసార్లు ఎగిరారు. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. "మొదటిసారి" అన్న ఒక్క మాట లేకపోతే 59 అన్నవాడిని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

విమానయానంలో నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న మాత్రం రేణిగుంట నుంచి వచ్చింది. మా అల్లుణ్ణి విమానం ఎక్కించడానికి వెళ్లినప్పుడు, అక్కడి రన్‌వే ఒక చివర 08 అనీ, మరో చివర 26 అనీ రాసి ఉంటుందని అతడు చెప్పాడు. అవి వరుస సంఖ్యలు కావు. విమానం ఆ చివర నుంచి పరుగెత్తే దిక్కు, అయస్కాంతపు ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా కొలిస్తే ఎన్ని డిగ్రీలో చూసి, దగ్గరి పదికి సరిచేసి, చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకె అది. 08 అంటే సుమారు 80 డిగ్రీలు, దాదాపు తూర్పు. అదే రన్‌వే మీద ఎదురుగా వస్తే దానికి 180 కలిపి 260, అంటే 26. కాబట్టి ఏ రన్‌వేకైనా రెండు చివరల మధ్య తేడా 18 ఉంటుంది. ఈ వివరణంతా నాలుగు వాక్యాల్లో చదివి వినిపించి, ఒక చివర 14 ఉంటే రెండో చివర ఎంత అని అడగాలని నిర్ణయించాను. ముందే తెలిసి ఉండనక్కరలేదు. విని, ఆలోచించి రాబట్టుకోవచ్చు. ఇటువంటి ప్రశ్నే మంచి ప్రశ్న అని నా అభిప్రాయం. నల్లపెట్టె ఏ రంగులో ఉంటుందని అడిగి, నారింజ రంగు అని చెప్పి నవ్వించే రకం ప్రశ్నలు నాకు నచ్చవు. తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు చిన్నబోతాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు.

చట్టం విభాగాన్ని ఎదురింటి వకీలమ్మ గారికి చూపించాను. ఆమె తిరుపతి కోర్టులో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారు. మోసగాణ్ణి "ఫోర్ ట్వంటీ" అంటాం కదా, ఆ సెక్షన్ దేనికి సంబంధించినది అని నేను రాసినదాన్ని చూసి, "ఇప్పుడు అది 318 అయింది కదండీ" అన్నారు. 1860 నాటి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చింది, హత్యకు 302 పోయి 103 వచ్చింది, మోసానికి 318. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి, ఆమె బల్లమీది కట్టల్లో ఇంకా 420 కేసులే ఎక్కువగా ఉన్నాయట. ప్రశ్నను "పాత శిక్షా స్మృతిలో 420గా ఉండి, జన వ్యవహారంలో తిట్టుగా స్థిరపడిన సెక్షన్ ఏ నేరానికి సంబంధించినది" అని ఆమే చెప్పి రాయించారు. రాజ్యాంగంలో ఎన్ని అధికరణాలు అన్న ప్రశ్న కూడా అలాగే సవరణకు గురైంది. 395 అన్నది 1950 నాటి లెక్క. చివరి అంకె ఇప్పటికీ 395గానే ఉన్నా, మధ్యలో 21ఏ వంటివి చేరడం వల్ల మొత్తం పెరిగింది. కనుక "మూల రాజ్యాంగంలో" అన్న మాట చేర్చాం. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసులో తీర్పు చెప్పిన న్యాయమూర్తులు 13 మంది, ఆధిక్యం 7–6, తేదీ 1973 ఏప్రిల్ 24 — ఇందులో మాత్రం ఏ మాటా మార్చనక్కరలేకపోయింది.

వ్యాయామం విభాగంలో అలిపిరి మెట్లు ఎన్ని అని అడగాలని కుర్రవాళ్లు పట్టుబట్టారు. 3,550 అని చెప్పుకుంటారు. అయితే వారం వారం కాలినడకన కొండెక్కే మిత్రులు ఇద్దరు ఒకే రోజు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, వేర్వేరు సంఖ్యలతో దిగివచ్చారు. విడిది మండపాల దగ్గర వచ్చే ఎత్తుపల్లాలను ఒకరు మెట్లుగా తీసుకున్నారు, ఇంకొకరు తీసుకోలేదు. ఆ ప్రశ్న వదిలేశాం. దాని బదులు, రోజుకు పది వేల అడుగులు నడవాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాం. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరుకే "పది వేల అడుగుల కొలమానం" అని అర్థం; ఆ పేరే తరువాత నియమంలా వ్యాపించింది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఎత్తిన మొత్తం బరువు 240 కిలోలు, 110, 130 కలిపి. ఆ ప్రశ్న తప్పకుండా ఉండాలని మా ఇంట్లో ఆడవాళ్లందరూ చెప్పారు.

సాహిత్యంలో "మొదటి" అన్న మాట ఉన్న ప్రశ్నలన్నీ నన్ను ఇబ్బంది పెట్టాయి. తెలుగులో మొదటి కథ 1910లో వచ్చిన గురజాడ "దిద్దుబాటు" అని మేం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ కథలు అంతకు ముందే, 1902 నాటికే, అచ్చయ్యాయి. మొదటి నవల 1878 నాటి వీరేశలింగం "రాజశేఖర చరిత్రము" అంటే, 1872లోనే నరహరి గోపాలకృష్ణమ శెట్టి "శ్రీరంగరాజ చరిత్ర" ఉన్నది. పండితులు తేల్చుకోవలసిన విషయాన్ని బజర్ నొక్కి పది సెకన్లలో తేల్చమనడం న్యాయం కాదు. అచ్చమాంబ పేరు పిల్లల చెవిన పడాలని మాత్రం నాకు గట్టిగా ఉండింది. అందుకని, "దిద్దుబాటు" కన్నా ఎనిమిదేళ్ల ముందే కథలు ప్రచురించిన రచయిత్రి ఎవరు అని అడిగాను. భారతంలో నన్నయ రెండున్నర పర్వాలు, తిక్కన పదిహేను, ఎర్రన మిగిలిన అర. ముగ్గురివీ కలిపి పద్దెనిమిది చేయమన్న ప్రశ్న లెక్కల ప్రశ్నలా ఉందని పిల్లలకు నచ్చింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ "జనగణమన"ను ఇంగ్లీషులోకి మార్చింది ఏ ఊళ్లో అన్న ప్రశ్నకు జవాబు మదనపల్లె. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022లో జిల్లా మారింది. శ్రీహరికోట నేర్పిన జాగ్రత్తతో, జిల్లా ఊసు ఎత్తకుండా ఊరి పేరు మాత్రమే అడిగాను.

అభిరుచుల విభాగం కోసం నా ఆల్బమ్‌లు బయటికి తీశాను. స్వతంత్ర భారతదేశపు తొలి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది. మువ్వన్నెల జెండా, "జైహింద్", వెల మూడున్నర అణాలు. 1911 ఫిబ్రవరి 18న ఆన్రి పెకే అనే ఫ్రెంచి పైలట్ అలహాబాదు ప్రదర్శన మైదానం నుంచి యమునా నది దాటి నైనీ వరకు సుమారు 6,500 ఉత్తరాలు మోసుకెళ్లాడు. ఆ ఉత్తరాల మీద వేసిన "ఫస్ట్ ఏరియల్ పోస్ట్" ముద్ర నమూనా చిత్రం నా దగ్గర ఉంది: కొండలు, వాటి మీదుగా రెండు రెక్కల విమానం, చుట్టూ అక్షరాలు. రోజుకు వందలకొద్దీ ఉత్తరాల మీద ముద్ర కొట్టిన చేతులు నావి. ఆ చిత్రాన్ని పెద్దది చేయించి పోటీ రోజు చూపించాను. ఇక శ్రీకాళహస్తి కలంకారీకీ మచిలీపట్నం కలంకారీకీ తేడా ఏమిటంటే, ఇక్కడ కలంతో గీస్తారు, అక్కడ అచ్చులతో అద్దుతారు. కాళహస్తి నుంచి కోడలిగా వచ్చిన ఒకామె జట్టు ఆ ప్రశ్న పూర్తి కాకముందే బజర్ నొక్కింది.

ఆగస్టు మొదటి ఆదివారం మా వరండాలో ఇద్దరు పిల్లలతో, ముగ్గురు పెద్దలతో ప్రశ్నలన్నీ ఒకసారి పరీక్షించాం. అయిదు తీసేశాం, తొమ్మిదింటిలో మాటలు మార్చాం.

పోటీ రోజు పదకొండు జట్లు వచ్చాయి. నలభయ్యారో ప్రశ్న దాకా ఒక్క అభ్యంతరం రాలేదు. నలభయ్యారోది ఇది: "వృషభ రాశిలో, కంటికి ఆరేడు చుక్కల చిన్న గుంపుగా కనిపించే నక్షత్ర సమూహాన్ని తెలుగువాళ్లు ఏ పేరుతో పిలుస్తారు?" పాకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి మా వీధిలో ఇల్లు తీసుకున్న కుటుంబంలోని అవ్వ, మనవడు ఒక జట్టు. ఆమె పిల్లవాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు లేచి "పిల్లలకోడి" అన్నాడు. సమయం చూసే కుర్రవాడి చేతిలో ఉన్న జవాబు పట్టికలో "కృత్తిక" అని మాత్రమే ఉంది. తప్పు అన్నాడు. ప్రశ్న పక్క జట్టుకు వెళ్లింది. వాళ్లు కృత్తిక అన్నారు, పది మార్కులు పడ్డాయి. పిల్లవాడు కూర్చోలేదు. "సార్, మా అవ్వ దాన్ని పిల్లలకోడి అనే అంటాది సార్. మా ఊర్లో అందురూ అట్లే అంటారు" అన్నాడు. గొంతు వణుకుతున్నా నిలబడే ఉన్నాడు.

నేను పోటీ ఆపి, ప్రశ్న మళ్లీ చదువుకున్నాను. "తెలుగువాళ్లు ఏ పేరుతో పిలుస్తారు" అని రాసింది నేనే. పంచాంగంలో ఏ పేరుంది అని నేను అడగలేదు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముసిరినట్టున్న ఆ గుంపుకు ఆ పేరు ఎంత సహజమైనదో చెప్పనక్కరలేదు. అల్మారాలోని నిఘంటువు తీసి చూస్తే అందులోనూ ఉంది. నిబంధన ప్రకారం ముందుగా సరైన జవాబు చెప్పినవారికే మార్కులు. పక్క జట్టుకు ఇచ్చిన పది వెనక్కి తీసుకుని అవ్వ జట్టుకు వేయమన్నాను. వెనక్కి తీసుకోవడం పక్క జట్టు పెద్దాయనకు నచ్చలేదు. వాళ్లు చెప్పింది కూడా సరైన జవాబే కాబట్టి ఆయన బాధలో న్యాయం ఉంది. ప్రశ్న రాసినవాడిగా ఈ పొరపాటు నాదని, రెండు పేర్లూ పట్టికలో ఉండవలసిందని అందరి ముందూ చెప్పాను. చివరికి అవ్వ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పది మార్కులతో బహుమతేమీ మారలేదు. అయినా మార్కులు వేసినప్పుడు పిల్లవాడు అవ్వ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది.

కుర్చీలు సర్దుతుంటే అవ్వ నా దగ్గరికి వచ్చి, "దాన్ని చూసినావా సామీ ఎప్పుడన్నా?" అని అడిగింది. పుస్తకాల్లో చూశాను, ఆకాశంలో గుర్తుపట్టి చూడలేదని ఉన్నమాట చెప్పాను. "తెల్లారుజామున నాలుగింటికి మిద్దె మీదికి పో. నడినెత్తిన ఉంటాది" అన్నది. ఇంటికి వచ్చి పంచాంగం తీశాను. మరునాడు సోమవారం, కృష్ణాష్టమి. చంద్రుడు ఉండే నక్షత్రం మధ్యాహ్నం దాకా కృత్తిక, ఆ తరువాత రోహిణి. అంటే తెల్లవారుజామున చంద్రుడు ఆ గుంపు పక్కనే ఉండాలి.

నాలుగింటికి మనవరాలిని లేపి మిద్దె ఎక్కాం. మబ్బులు పలచగా, విడివిడిగా ఉన్నాయి. నడినెత్తికి కాస్త తూర్పుగా సగం చంద్రుడు, అవ్వ చెప్పినట్టే దానిని ఆనుకుని మసకగా ఒక చుక్కల ముద్ద. ఇంకా కిందికి, తూర్పున, గురుడు, కుజుడు దగ్గర దగ్గరగా వెలుగుతున్నారు. అరచేతిని చంద్రుడికి అడ్డం పెట్టి లెక్కపెడితే నాకు మూడు చుక్కలు కనిపించాయి. మనవరాలు నాలుగన్నది. మంగళవారం మళ్లీ ఎక్కాం. ఈసారి చంద్రుడు దూరంగా జరిగిపోయాడు. నాకు అయిదు, ఆమెకు ఏడు.